అక్క డబ్బా ఫొటో

మా అక్క పట్టిన పట్టు విడవదు. నేనంటే తమ్ముడి కుళ్లు అంటారు గానీ, బావ కూడా అదే అంటాడు, కాకపోతే అక్కకు వినపడకుండా.

ఆమె బట్టలు కుడుతుంది. మిషను ముందు కిటికీ, కిటికీ అవతల చిత్తడి నేల, రెల్లు, నీటికోళ్లు. ఏడాదిగా లారీలు ఆ నేలను ఒక అంచు నుంచి మట్టితో పూడుస్తున్నాయి. పూడ్చినకొద్దీ వాననీళ్లు ఇళ్ల మీదికొస్తున్నాయి. పోయిన వానల్లో మిషను పెడలు మునిగింది. అక్క ఆ నీళ్ల ఫొటోలు పట్టుకుని మండలాఫీసుకు వెళ్లింది.

"ఇవి వాన వెలిసిన మర్నాడు తీసినవేమో, ఎవరికి తెలుసమ్మా" అన్నాడు అధికారి. ఎండల్లోనూ నీళ్లుంటేనే అది పూడ్చకూడని నేలట, అలా ఉంటాయని ఆర్నెల్లలో రుజువు తెస్తే లారీలు ఆపిస్తానన్నాడు.

ఇక చూసుకోండి. ఎక్కడ నేర్చిందో, కాఫీపొడి డబ్బాకు సూదితో చిల్లు పొడిచి, లోపల ఫొటో కాగితం పెట్టి, చిత్తడి ఒడ్డున గుంజకు కట్టింది. ఆర్నెల్లు కదపకూడదట. రోజూ సూర్యుడు నడిచిన దారి, మందులో కడగకుండానే, కాగితం మీద గీతగా పడుతుందట. నీళ్లుంటే కింద దాని నీడ ఇంకో గీత.

నాకు ఒళ్లు మండింది. ముప్ఫై ఏళ్లుగా ఫొటో స్టూడియో నడుపుతున్నవాణ్ణి.

"లెన్సు లేదు, బటను లేదు. దీన్ని కెమెరా అంటారా అక్కా?"

"నీది రెప్పపాటు చూస్తుంది. ఇది ఆర్నెల్లు చూస్తుంది. నోరు మూసుకో."

వారం వారం మోకాలి లోతు బురదలో వెళ్లి డబ్బా చూసొచ్చేది. లారీవాళ్లు అడిగితే దోమల మందని చెప్పింది.

గడువు ముందురోజు డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. "కంప్యూటర్లోకి ఎక్కించి ఇవ్వు. ఇంకేం చెయ్యకు."

చీకటిగదిలో ఎర్రదీపం కింద మూత తీశాను. పైన గీతలు, కింద నీళ్లలో అవే గీతలు, ఎండాకాలమంతా. నిజం చెబుతున్నాను, దీపం దగ్గరికి పెట్టి మళ్లీ చూశాను. కాస్త పాలిపోయినట్టుంది, తేటగా చేసి ఇద్దామనుకున్నాను. పెద్ద పనివాణ్ణి కదా. అలవాటు కొద్దీ కాగితాన్ని డెవలపర్ మందు తొట్టిలో ముంచాను. ఆర్నెల్లు వెలుగు తాగిన కాగితానికి ఆ మందు తగలకూడదని నాకు తెలియదా? తెలుసు. అర నిమిషంలో బొగ్గులా నల్లబడింది.

వెళ్లి చెప్పాను. అక్క ఆ నల్ల కాగితాన్ని వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇంకో డబ్బా కడదాం అక్కా. నేనే కడతాను."

"కట్టు" అంది, మిషనులో దారం ఎక్కిస్తూ. "ఆర్నెల్లకు మట్టి ఫొటో వస్తుంది."