బూట్ లోగోలో సతీష్ ముఖం మీది గీత

దయ్యాలు, శకునాలు అంటే నాకెప్పుడూ నమ్మకం లేదు. ఇరవై ఏళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. యంత్రం తప్పు చేసిందంటే దాని వెనక తెగిన వైరో, కాలిన కెపాసిటరో ఉంటుందనుకునేవాణ్ని. ఇప్పుడు కూడా దయ్యాలున్నాయని చెప్పడానికి రాయడం లేదు. నా బావమరిది సతీష్‌కు ఎడమ కన్ను పోయింది. పోగొట్టింది నేను. అంతకు పంతొమ్మిది రోజుల ముందు నుంచి మా దుకాణంలో తెర మీద కనిపించినదాన్ని ఉన్నదున్నట్టు చెప్పాలి.

చంద్రపూర్‌లో ఊర్జానగర్‌కు వెళ్లే దారిలో మా దుకాణం. సతీష్ నా భార్య రమకు తమ్ముడు, విరూర్ అనే ఊరివాడు. ముప్పై దాటాయి. నాకన్నా పనిమంతుడు, నెమ్మదస్తుడు. నా సంగతి వేరు. కోపమొస్తే చేతికి దొరికింది విసిరేవాణ్ని. రెండు కీబోర్డులు కౌంటర్ అంచుకు కొట్టి విరగ్గొట్టాను. ఒక గిరాకీని కాలర్ పట్టుకుని గుమ్మం అవతలకు తోశాను. సతీష్‌ను నలుగురి ముందు చెంప మీద కొట్టాను, రెండుసార్లు. రమ అడిగితే తప్పు వాడిదే అన్నాను.

కంప్యూటర్ ఆన్ చేయగానే, విండోస్ రాకముందు కంపెనీ గుర్తు కనిపిస్తుంది కదా, దాన్నే బూట్ లోగో అంటాం. ఆ బొమ్మ హార్డ్ డిస్కులో ఉండదు. బోర్డు మీద, కంప్యూటర్‌ను మొదట లేపే బయోస్ అనే ప్రోగ్రాం ఉండే చిన్న చిప్‌లో ఉంటుంది. దాన్ని తీసేసి మనకు కావలసిన బొమ్మ పెట్టడం సతీష్ నేర్చుకున్నాడు. క్లాసులు నడిపేవాళ్లు, ఆఫీసులవాళ్లు తమ గుర్తు పెట్టించుకునేవారు. మొదటి ప్రయత్నం మా కౌంటర్ మీది కంప్యూటర్‌లోనే చేశాడు. దుకాణం ముందు మేమిద్దరం నిలబడి దిగిన ఫోటో పెట్టాడు.

ఆన్ చేశాం. ఫోటో వచ్చింది. నా ముఖం బాగానే ఉంది. సతీష్ ఎడమ కనుబొమ నుంచి రెప్ప దాటి చెంప దాకా వంకరగా ఒక నల్ల గీత.

“ఏంది బావా, నా మొహం పలిగినట్టు కనవడుతుంది?” అన్నాడు.

“నీ మొహమే గంత. ఫోటో ఏం జేస్తది?” అన్నాను.

నవ్వాడు. రంగులు తగ్గించినప్పుడు బొమ్మ ఎక్కడో చెడిందనుకున్నాం. కొత్తగా తయారుచేసి మళ్లీ ఎక్కించాడు. గీత అక్కడే ఉంది. మానిటర్ మార్చాం. అక్కడే ఉంది. చిప్‌లో ఉన్నదంతా చదివి బొమ్మను బయటకు తీశాను. అందులో గీత లేదు. సతీష్ తెరను ఫోన్‌తో ఫోటో తీసి, నాగపూర్‌లో మాకు బోర్డులు పంపే వ్యాపారికి పంపాడు. ఆయనకూ అంతుపట్టలేదు. ఒకరోజు అన్నం డబ్బా తెచ్చిన రమ అది చూసి, “తియ్యుండ్రి దాన్ని, మంచిగ లేదు” అంది. నేను తియ్యనివ్వలేదు. రోజూ పొద్దున్నే ఆ గీత చూపించి సతీష్‌ను ఎగతాళి చేయడం నాకు అలవాటైంది.

మే నెల. క్లాసులు నడిపే సారు ఒకాయన తన కంప్యూటర్లకు లోగో పెట్టమని తెచ్చి దగ్గరే కూర్చున్నాడు. చిప్‌లోకి రాసేటప్పుడు కరెంటు పోతే బోర్డు ఇక లేవదు. అందుకని సతీష్ ఒక్కొక్కటే యూపీఎస్‌కు తగిలించి చేస్తున్నాడు. అతను చాయ్‌కి బయటకు వెళ్లినప్పుడు నేను కూలర్ వైరు తెచ్చి అదే యూపీఎస్‌లో పెట్టాను. పొద్దున్నుంచి కరెంటు పోతూ వస్తూ ఉంది. గాలి ఆగకూడదని నా ఆశ. అతనికి చెప్పలేదు. అరగంట కాకముందే కరెంటు పోయింది. కూలర్ భారం మోయలేక యూపీఎస్ కూతపెట్టి ఆగింది. బోర్డు చచ్చింది.

కారణం నాకు ఆ క్షణంలోనే తెలుసు. తెలుసు కాబట్టే అంత గట్టిగా అరిచాను.

“పని రాకుంటే ముట్టుడెందుకురా?”

“లోపల మాట్లాడుకుందాం బావా” అన్నాడు సతీష్, మెల్లగా.

ఆ మెల్లదనం నాకు ఇంకా మంట పుట్టించింది. బల్ల మీద ఎస్ఎంపీఎస్ ఉంది, కంప్యూటర్‌కు కరెంటు అందించే ఇనుప డబ్బా. ఎత్తి విసిరాను. దాని మూల అతని ముఖంలో దిగింది. కింద పడ్డాక కూడా ఆగలేదు. డొక్కలో తన్నాను. సారు వెనక నుంచి నా రెండు చేతులూ పట్టుకుని లాగేదాకా తన్నుతూనే ఉన్నాను. ముఖం కప్పుకున్న సతీష్ వేళ్ల సందుల్లోంచి రక్తం మోచేతుల దాకా కారింది.

నాగపూర్ ఆసుపత్రిలో ఆరు రోజులు కన్ను దక్కుతుందో లేదో చెప్పలేదు. ఏడో రోజు పోయిందన్నారు. పోలీసు అడిగితే, ర్యాక్ మీది నుంచి డబ్బా జారి పడిందని సతీష్ చెప్పాడు. నేను పక్కనే నిలబడి తల ఊపాను.

కట్టు విప్పిన రోజు రమ తమ్ముడి ఫోన్ తీసుకుని, వ్యాపారికి పంపిన ఆ ఫోటో తెరిచి, అతని ముఖం పక్కన పెట్టింది. కనుబొమ దగ్గర మొదలు, రెప్ప మీద వంపు, చెంప మీద ఆగిన చోటు. కుట్లన్నీ ఆ దారినే ఉన్నాయి. ఆ ఫోటో పంపిన తేదీ ఫోన్‌లో ఇంకా ఉంది.

చంద్రపూర్ వచ్చాక దుకాణం తెరిచి కంప్యూటర్ ఆన్ చేశాను. ఫోటోలో గీత లేదు. మేం షట్టర్ వేసి వెళ్లినప్పటి నుంచి తాళంచెవి నా జేబులోనే ఉంది.

ఇది జరిగి నాలుగేళ్లు. ఆ తర్వాత ఎవరి మీదా చెయ్యెత్తలేదు. అది గొప్పగా చెప్పుకునే హక్కు నాకు లేదు. మొన్న విరూర్ వెళ్లి ఇదంతా సతీష్‌కు చదివి వినిపించాను. మరాఠీ బడిలో చదివినవాడు, తెలుగు చదవడం రాదు. కూలర్ దగ్గరికి వచ్చేసరికి చదవడం ఆపి కాగితం దించాను.

“చదువు బావా. కూలర్ వైరు నేను గప్పుడే చూసిన” అన్నాడు.

“మరి గప్పుడే ఎందుకు చెప్పలే?”

“గిరాకీ ముందల నీ ఇజ్జత్ పోతుండె గద. గందుకే లోపలికి రమ్మన్న.”

కాగితాలు మడిచి పక్కన పెట్టాను. అతనే అడిగాడు. “గీత సంగతి ఏమని రాసినవు?”

“తెల్వదని రాసిన.”

నిజంగానే తెలియదు. జరగబోయేదాన్ని ఆ గీత ముందే చూపించిందో, రోజూ దాన్ని చూసి నవ్విన నా చేతికి ఎక్కడ కొట్టాలో నేర్పిందో. ఆ రోజు నేను గురి చూసి విసరలేదు.