మీరాలం చెరువులో రివర్స్ గేరు

జానెడు ఇనుప కడ్డీని ఒకవైపు నెట్టవలసిన చోట మరోవైపు నెట్టి, ఒక నవాబు సాహెబు పరువునూ, ఒక బర్రెల మందనూ, నా పెళ్లినీ ఒకే మధ్యాహ్నం మీరాలం చెరువులో ముంచబోయిన ఘనుణ్ణి నేను. వింటే మీకు నవ్వొస్తుంది. నవ్వండి. ఆ రోజు నాకు మాత్రం నవ్వు రాలేదు.

అప్పట్లో నేను హుస్సేనీ ఆలంలో ఒక నవాబు సాహెబు దేవిడిలో, అంటే ఆయన బంగళాలో, మోటరు కారు తుడిచే నర్సింగును. ఎప్పటికైనా డ్రైవరునవుతానని నాకు నమ్మకం. కాలేనని మిగతా హుస్సేనీ ఆలం అంతటికీ నమ్మకం. బహదూర్‌పురాలో పాల వ్యాపారం చేసే మల్లయ్య మామను, ఆయన కూతురు లచ్చిమిని నాకిమ్మని మా బాపు అడిగితే, ఆయన తేల్చి చెప్పాడు.

"మోటరు తుడిచెటోనికి పిల్లనియ్య. నడిపెటోడైతే ఇస్త."

ప్రపంచ యుద్ధం నడుస్తున్న లడాయి రోజులు. పెట్రోలు అత్తరుకన్నా అపురూపం. మీరాలం చెరువులో నవాబు సాహెబు మోటరు పడవ పెట్రోలు దొరక్క, పుట్టింటి నుంచి కబురు రాని కోడలిలా ముఖం మాడ్చుకుని గట్టునే ఉండేది. ఆయన దానికొక కొయ్య నాటించి తెరచాప కట్టించారు. గట్టు విడిచేదాకా ఇంజను, ఆ పైన గాలి, తిరిగి గట్టు చేరేటప్పుడు మళ్లీ ఇంజను. ఇదీ ఏర్పాటు. "మొదటి షికారు మంచిగ జరిగితే పడవ డ్రైవరు నువ్వే" అన్నారు.

ఆ మాటను వేడివేడిగా మల్లయ్య మామకు మోసుకుపోయాను.

"మాటలు గాదురా, నా కండ్లతోని చూస్త" అన్నాడు. ఆయన రోజూ బర్రెల్ని కడిగేది ఆ చెరువులోనే.

మిగిలింది ఒక్కటే ఫికర్. గాలి మీద పోయేటప్పుడు ఇంజను గేరు దేంట్లో ఉంచాలి? దేవిడిలో పెద్ద డ్రైవరు రహీం భాయిని అడిగాను.

"అరే, గుట్ట దిగుట్ల మోటరు ఎట్ల జారుస్తున్నం? ఇంజన్ బంద్, గేరు న్యూట్రల్. పెట్రోల్ బచాయించుడు గట్లనే గద. గాలి గూడ దిగుడే అనుకో."

"నీళ్లల్ల దిగుడు ఏడిది భాయ్?"

"నీకు నౌకరి కావాల్నా, సవాల్ జవాబ్ కావాల్నా?"

నౌకరే కావాలన్నాను.

ఆ రోజు నవాబు సాహెబు జరీ తలపాగాతో చుక్కాని దగ్గర కూర్చున్నారు. తెరచాపా ఇంజనూ నా వంతు. గట్టు దాటాక ఇంజను ఆపి, గేరు న్యూట్రల్‌లో పడేసి, తెరచాప ఎత్తాను. పడవ ఊపందుకుంది. అంతలో అడుగు నుంచి "గూఁ... గూఁ..." అని, పన్నునొప్పితో ఎవరో మూలిగినట్టు చప్పుడు.

"క్యా రే, ఇంజన్ బంద్ కర్నా బోలా నై?" నవాబు సాహెబు ముఖం పాలిపోయింది.

"బంద్ హై హుజూర్!"

"ఫిర్ యే కౌన్ రోరా?"

ఏడుస్తున్నదెవరో నాకేం తెలుసు? నీళ్ల ఒరిపిడికి పడవ కింది పంకా దానంతటదే తిరుగుతోందని కాసేపటికి తట్టింది. ఆయన మాత్రం తన పెట్రోలంతా చెరువు తాగేస్తోందని చెవులు మూసుకున్నారు. ముందు గేరు వేశాను. ఇంజను నిద్రలో వెక్కినట్టు "డుక్కు డుక్కు" మంది. రివర్స్‌లోకి లాగాను. పంకా బిగుసుకుంది. చప్పుడు టక్కున ఆగింది.

"శాబాష్!" అన్నారు నవాబు సాహెబు.

మనిషి బుర్ర పనిచేయడం మానేసేది సరిగ్గా ఆ మాట విన్న తర్వాతే. మీ అనుభవమూ ఇంతే అయ్యుంటుంది. ఒప్పుకోరు, అంతే.

తిరిగి వస్తున్నాం. గట్టు మీద మల్లయ్య మామ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. పక్కన నీళ్లలో ఆయన బర్రెలు ముక్కులు మాత్రం పైకి పెట్టి ఉన్నాయి. నేను మామ వైపు ఒక నవ్వు విసిరి, తెరచాప దించి, హ్యాండిల్ తిప్పి ఇంజను లేపాను. గేరు ఇంకా రివర్స్‌లోనే ఉందన్న సంగతి నాకు తప్ప లోకమంతటికీ తెలిసిపోయింది. పడవ వెనక్కి బయల్దేరింది.

"నర్సింగ్! గట్టు అటుంది!"

"తాకత్ సరిపోతలేదు హుజూర్! జర ఎక్కువిస్త!"

ఎక్కువిచ్చాను. ఎంత ఎక్కువిస్తే అంత జోరుగా వెనక్కి. నవాబు సాహెబు చుక్కాని కుడికి తిప్పితే పడవ గిర్రున తిరిగి, వీపు గట్టు వైపు పెట్టి, నేరుగా మంద మీదికి పోయింది.

"అరేయ్ నర్సిగా! నా బర్రెలురా! నీ చేతులిరగ!" మామ కేక చార్మినారు దాకా వినబడి ఉంటుంది.

తిరిగే పంకాకూ బర్రె కాళ్లకూ మధ్య మూరెడు నీళ్లు కూడా లేవు. బర్రెకు దెబ్బ తగిలితే పెళ్లి సంగతి దేవుడెరుగు, నేను బహదూర్‌పురా దారినే నడవలేను. గుడ్డిగా పెట్రోలు కుళాయి కట్టేశాను. ఇంజను దగ్గి, తుమ్మి, మంద అంచున చచ్చింది. అదే ఊపులో పడవ వెనక వేలాడుతున్న కట్టుతాడు పెద్ద బర్రె కొమ్ములకు చుట్టుకుంది. అది బెదిరి, తాడుతో సహా గట్టుకేసి పరుగు లంకించుకుంది.

అలా మా నవాబు సాహెబు, గట్టుకు వీపు చూపిస్తూ, తలపాగా చెదరకుండా, బర్రె వెంట ఊరేగింపుగా ఒడ్డు చేరారు. నేను కళ్లు మూసుకున్నాను. ముందు కొరడా శబ్దం వస్తుందనుకున్నాను. నవ్వు వినిపించింది.

"వాహ్! యే ఇంజన్ పెట్రోల్ నై పీతా!" అన్నారు నవాబు సాహెబు. పెట్రోలు తాగని ఇంజను దొరికిందట.

ఆయన అక్కడికక్కడే మల్లయ్య మామతో బేరం కుదుర్చుకున్నారు. ఇకమీదట పడవ బయల్దేరినప్పుడల్లా ఆ బర్రె గట్టున సిద్ధంగా ఉండాలి, దాని మేత దేవిడిదే. నేను ఆశపడ్డ కొలువు బర్రెకు దక్కింది.

మల్లయ్య మామ నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"నడిపెటోనికి ఇస్త అన్న. నువ్వు నడపలే."

"లే, మామా."

"గని ఇంజన్ బంద్ చేసి నా బర్రెను బతికిచ్చినవ్. పైంగ, ముందుకు పొమ్మంటే గూడ ఎనుకకే వచ్చెటోడు ఇల్లిడిసి ఏడికి పోతడు? నా పిల్ల నా కండ్ల ముంగటనే ఉంటది. రేపట్సంది వచ్చి బర్రెలు కడుగు."

మోటరు తుడిచేవాణ్ణి బర్రెలు కడిగేవాణ్ణయ్యాను. లచ్చిమికి మొగుణ్ణీ అయ్యాను. పంచభూతాల సాక్షిగా, అందులో ముఖ్యంగా నీటి సాక్షిగా చెబుతున్నాను: గేరు ముఖం చూడకుండా ఇక జన్మలో ఏ ఇంజనూ లేపను. నేనిప్పుడు టాంగా ఎక్కినా, గుర్రం ముఖం ఎటుందో చూసుకున్నాకే ఎక్కుతాను.