నర్సయ్య తాత సొరబుర్ర

పన్నెండేళ్ళుగా ఒక సొరబుర్ర నా గుండెల మీద కూర్చుంది. నిజానికి ఒంటిచేత్తో ఎత్తేంత తేలిక. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్తున్నాను. ఇంట్లో చెప్పే ధైర్యం లేదు.

మెదక్‌లో ఒక ఆఫీసులో గుమాస్తాను. ఆదివారాలు వరండాలో చాప పరుచుకుని తంబురలు చేస్తాను. భజన పాడేవాళ్ళు అడిగితే, వాళ్ళ గొంతుకు తగ్గట్టు చేసిస్తాను. హవేలిఘనపూర్‌లో మా చేను గట్టున సొరతీగ పాకించి, కాయ తీగ మీదే ఎండేదాకా ఆగి, కోసి, గింజలు తీసి, పైన పలుచటి చెక్క బిగించి తీగలు కడతాను. అందరూ బాగుందంటారు. నాకు తెలియదా? నా తంబురలు మోగుతాయి, అంతే. పలకవు.

పన్నెండేళ్ళ కింద టేక్మాల్ నుంచి నర్సయ్య తాత వచ్చాడు. ఊరూరా తిరిగి తత్వాలు పాడి బతికే మనిషి. తంబుర పైచెక్కకు పగులు వచ్చిందని తెచ్చాడు. దాని బుర్ర వాళ్ళ తాత నాటిది. నా చేతికిచ్చే ముందు, బుర్ర వెనకున్న చిన్న రంధ్రానికి నోరానించి తన తండ్రి పేరు, తాత పేరు మెల్లగా చెప్పాడు. ఎవరూ ముట్టకుండానే తీగ జుమ్మంది. పాట ఎత్తుకునే ముందు అలా చెప్పాలట. దాన్ని వాయించి పోయినవాళ్ళ పేర్లే చెప్పాలట. బతికున్నవాళ్ళ పేరు చెప్పకూడదట.

గొంతు శ్రుతి కలిస్తే తీగ పలుకుతుంది, ఇందులో మాయ ఏమీ లేదు. ఈ మాట నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో!

ఆ బుర్ర నాకు కావాలి. అప్పుడు అదొక్కటే ఆలోచన. అంతటి పలుకు సంచిలో పడి బస్సుల్లో కుదుపులు తినాలా అని కడుపు మండింది. వారం గడువు అడిగాను. నా బుర్రల్లో అదే కొలత ఉన్నదాన్ని ఏరి, వెనక అలాంటి రంధ్రమే పెట్టి, ఆముదంలో మసి కలిపి పూసి, ఎండబెట్టి, రుద్ది, మళ్ళీ పూశాను. ఆయన చేయి ఆని ఆని వచ్చిన నునుపును కూడా సాండ్ పేపర్‌తో తెప్పించాను. పాత కర్ర, పాత తీగలు దానికే బిగించాను. జీవితంలో అంత శ్రద్ధగా చేసిన పని ఇంకోటి లేదు. సిగ్గు విడిచి చెప్తున్నాను, చేస్తున్నంతసేపూ సంతోషంగానే ఉన్నాను.

తాత వచ్చాడు. నోరానించి పేర్లు చెప్పాడు. తీగ కదల్లేదు. మళ్ళీ చెప్పాడు.

“సారూ, మా నాయిన పలుకుతలేడు.”

“కొత్త చెక్క గదా తాతా. జర టైం పడ్తది.”

“బుర్ర గదేనా? నిజం జెప్పుండ్రి.”

“గదే తాతా. నేనెందుకు మారుస్త?”

ఆయన బుర్రను నిమిరాడు.

“అయితే తప్పు నాదే సారూ. పెత్రమాసకు నాయిన పేరు మీద బియ్యమియ్యలే. పాణం బాగలేక పండుకున్న. అలిగిండు.”

అప్పుడైనా నోరు విప్పొచ్చు కదా? విప్పలేదు. గేటు దాకా వెళ్ళి సాగనంపి వచ్చాను.

ఆ తర్వాత తాత పాడటం మానేశాడని టేక్మాల్ నుంచి వచ్చే భజనవాళ్ళు చెప్పారు. ఏటా పెత్రమాసకు, అంటే పితృ అమావాస్యకు, బియ్యమిస్తున్నాడట, దండం పెట్టి బతిమాలుతున్నాడట. తీగ పలకదు. తండ్రి పలకందే పాట ఎట్లా ఎత్తుతానంటాడట. తంబుర కొయ్యకు వేలాడుతోందట. పలకాల్సింది మా ఇంట్లో ఉంటే అక్కడెట్లా పలుకుతుంది?

ఆ బుర్రకు కొత్త కర్ర, కొత్త తీగలు బిగించి ముందుగదిలో తగిలించుకున్నాను. ఆదివారం చర్చి గంటలు మోగితే సన్నగా జుమ్మంటుంది. అది సరే. మా అమ్మ వాకిట్లోంచి నన్ను పేరు పెట్టి పిలిస్తే కూడా జుమ్మంటుంది. అదే గొంతుతో నా భార్యను పిలిస్తే ఉలకదు. పిల్లల్ని పిలిస్తే ఉలకదు. నా ఒక్కడి పేరుకే. పోయినవాళ్ళ పేర్లకు పలికే బుర్ర అది. నేను ఉన్నానా, లేనా? పట్టపగలు, అన్నం ముందు కూర్చుని, చేయి కంచంలో పెట్టి, ఈ ప్రశ్న వేసుకుంటాను. అమ్మ పిలిచిన ప్రతిసారీ ముందు అది పలుకుతుంది, తర్వాతే నేను.

ఈ ఉదయం దాన్ని దింపాను. రంధ్రానికి నోరానించి నా పేరు చెప్పాను. చేసిన పని మొత్తం చెప్పాను. మాటమాటకూ తీగ పలికింది. నేను ఆపాక కూడా ఆగలేదు. భయమేసి అరచేత్తో అదిమి పట్టాను. చేతికింద ఇంకా వణుకుతూనే ఉంది.

తాత బతికే ఉన్నాడు. టేక్మాల్ బస్సులు రోజూ ఉంటాయి. ఇంకా ఎక్కలేదు, ఎక్కుతానని మీకు మాట కూడా ఇవ్వలేను. క్షమించమని అడగను. బుర్రను మళ్ళీ గోడకు తగిలించి ఇది రాయడానికి కూర్చున్నాను.

ఇప్పుడే అమ్మ పిలిచింది. “ఆఁ, వస్తున్నా” అన్నాను. పన్నెండేళ్ళలో మొదటిసారి, దానికన్నా ముందు నేను పలికాను.