చెప్పకుండా లేపిన రాకెట్టు

నా ఆఫీసు టేబులు సొరుగు లాగితే ఇప్పటికీ మందుగుండు వాసన కొడుతుంది. అందులో ఉన్నది రంగు వెలిసిన ఎర్రజెండా, మా నాయినది. నిన్న మీటింగులోంచి ఒళ్ళు మండిపోతూ వచ్చి ముందు ఆ సొరుగే లాగాను.

మణుగూరు పక్కన ఓపెన్‌కాస్టు బొగ్గు గని అంచునే మా కాలనీ. ఎండాకాలం అడవి వైపు నుంచి ఇప్పపూల మత్తు వాసన, గని వైపు నుంచి బొగ్గు దుమ్ము, నడుమ అమ్మ సర్వపిండిలో వేగే నువ్వుల కమ్మదనం, తునికిపండ్ల జిగురు వదలని చేతులతో మేం ఆడే కచ్చకాయలు, పీర్ల పండక్కి టైలర్ మహబూబ్ చాచా ఇంటి నుంచి గిన్నె నిండా వచ్చే మలీదా. ఆ జెండా కుట్టింది కూడా చాచానే. మధ్యాహ్నం కాగానే బ్లాస్టింగు పనిచేసే నాయిన దాన్ని పట్టుకుని గడపగడపకూ తిరిగేవాడు. "బ్లాస్టింగున్నది, జల్దీ బయటికి రాండ్రి!" మంచం పట్టిన ముసలమ్మను కూడా చేయిపట్టి ఆరుబయట కూర్చోబెట్టాకే ముందుకు కదిలేవాడు. తర్వాత సైరన్ కూసేది. ఎక్కడివక్కడ వదిలేసి కప్పు లేని చోటికి ఉరికేవాళ్ళం. భూమి అదిరేది, గోడల సున్నం రాలేది, మళ్ళీ కచ్చకాయల్లో పడేవాళ్ళం.

నా ఆరో తరగతిలో పట్నం నుంచి ఒక సారు టీవీ, క్యాసెట్టు తెచ్చి బడిలో రాకెట్టు ఎగరడం చూపిస్తానన్నాడు. పైకి పోయిన రాకెట్టుకు మా కాలనీ కనిపిస్తదా అని అడగాలని నోటుబుక్కులో రాసుకుని, కొట్లాడి మరీ ముందు వరసలో కూర్చున్నాను. ఆ సారు ఒక్క ముక్క వివరించలేదు. టీవీలో ఎవరో ఇంగ్లీషులో అంకెలు వెనక్కి లెక్కపెడుతుండగా సైరన్ కూసింది. అంతే! పంతుళ్ళతో సహా బడి బడంతా బయటికి ఉరికింది. భూమి ఎప్పుడదురుతుందా అని ఎండలో నిలబడ్డాం. అదరలేదు. కూసింది గని సైరన్ కాదు, టీవీలోది. తిరిగొచ్చేసరికి తెర మీద పొగ మాత్రమే ఉంది.

మళ్ళీ ఒక్కసారి వేయమని హెడ్మాస్టరు బతిమాలితే, పట్నం సారు వైర్లు చుట్టుకుంటూ "ఈ అడవి జనానికి రాకెట్లెందుకండీ?" అని నవ్వాడు. నా ప్రశ్న నోటుబుక్కులోనే ఉండిపోయింది. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ పళ్ళు పటపటలాడతాయి.

ఇంటికొచ్చి ఏడిస్తే నాయినకు నాకన్నా కోపమొచ్చింది. "మీ తప్పేంది బిడ్డా? బండ పేల్చాల్నంటేనే మేం ఇల్లిల్లు తిరిగి చెప్తం. గంత పెద్దది లేపుకుంట ఒక్క మాట చెప్పకపోతే ఎట్ల?"

ఇప్పుడు నేను ఒక ఉపగ్రహ ప్రయోగం పనులు నడిపే బృందంలో ఉన్నాను. దాని గురించి జనానికి చెప్పే బాధ్యత నాది. పెద్ద తెర పెట్టి చూపించాల్సిన ఊళ్ళ జాబితాలో మా వైపువి పినపాక, బూర్గంపాడు, దమ్మపేట రాశాను. నిన్న మా పెద్దసారు ఆ మూడింటి మీదా గీత కొట్టి, "లింక్ పంపితే చాలు, ఫోన్లలో చూసుకుంటారు" అన్నాడు. అక్కడ సిగ్నల్ కోసం గుట్టెక్కే గూడేలున్నాయని ఈయనకు ఎవరు చెప్పాలి? "మా నాయినైతే ఒక్క ఇల్లు కూడా వదలకపోయేది సార్" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు.

గని పెరిగి పెరిగి మా కాలనీని, బడిని, మేం నిలబడ్డ ఆ ఆరుబయలును మింగేసింది. చాచా కుట్టుమిషను చప్పుడు లేదు, నాయినా లేడు. మావాళ్ళు పినపాక వైపు చెదిరిపోయారు. కొట్టేసిన మూడు పేర్లూ కిందనే మళ్ళీ పెద్దక్షరాలతో రాసి సంతకం పెట్టాను. పెద్దసారు ఒప్పుకోకపోతే సెలవు పెట్టి, నా డబ్బుతోనే తెర కిరాయికి తీసుకుపోతాను. జెండా సంచిలో పెట్టాను. ఇల్లిల్లూ తిరిగి నేనే చెప్తాను: "సైరన్ టీవీలనే కూస్తది. ఈసారి ఎవ్వరూ ఉరకొద్దు."