మామయ్యకు రావలసిన ఎనిమిది పళ్లు

మా మామయ్య ఏ ధరనైనా ముక్కలు చెయ్యందే జేబులో చెయ్యి పెట్టడు. నెత్తిన సగమే జుట్టుంది గనక మంగలికి సగమే ఇస్తానంటాడు. "లేని జుట్టు వెతకడానికే నాకెక్కువ టైం పడుతుంది సార్" అని మంగలి మొత్తం లాక్కుంటాడు. నెల తిరిగేసరికి మళ్లీ అదే బేరం.

ఓ రోజు పళ్ల డాక్టరు దగ్గరికి నన్ను తోడు రమ్మన్నాడు. మర్నాడే నాకు కళ్లజోళ్ల షాపులో ఇంటర్వ్యూ. గార పట్టిన పళ్లు కనబడకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడి, అప్పటికే రెండు ఉద్యోగాలు పోగొట్టుకున్నాను. క్లీనింగుకి డబ్బుల్లేవు. నా కాలేజీ ఫీజులన్నీ కట్టిన మామయ్యను ఇంకేమీ అడగకూడదని ఒట్టు పెట్టుకున్నాను. మనసు మనసులో లేదు.

"క్లీనింగ్ ఎంతండీ?" అన్నాడు మామయ్య.

"పన్నెండు వందలు," అంది డాక్టరమ్మ.

"పంటికెంత?"

"పంటికి కాదు సార్, నోటికి."

"నోరంటే ముప్పై రెండు. నాకున్నవి ఇరవై నాలుగు. ఎనిమిదింటి డబ్బులు తగ్గించండి."

"తగ్గించం."

"అయితే ఎనిమిది పళ్ల పని నాకు బాకీ. మా మేనకోడలికి చెయ్యండి. నవ్వితే కనబడేవి ఎనిమిదేగా!"

నాకు తల కొట్టేసినట్లయింది. "పోదాం పద మామయ్యా" అని చొక్కా లాగాను. వింటేగా! ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతూ, బెంచీ మీది ముసలాయన్ని "మీకెన్నున్నాయి?" అని అడిగాడు. ఆయన పదకొండన్నాడు. "చూశారా, ఈయనకు ఇరవై ఒకటి రావాలి!"

డాక్టరమ్మ బల్ల చరిచి, "సరే, ముందు నువ్వు కూర్చోమ్మా. ఎనిమిదే!" అంది. బేరంలో మిగిలిన పళ్లే కదా, మామయ్యకు ఖర్చేముందని కూర్చున్నాను.

ఎనిమిది అయ్యాయి. పది, పన్నెండు... మెషిన్ ఆగదే! చెయ్యెత్తి, "ఎనిమిదే కదా మేడమ్?" అన్నాను.

ఆవిడ నవ్వేసింది. "మీ మామయ్య నిన్ననే వచ్చి నీకు మొత్తం కట్టేశారమ్మా. బేరమే ఆడలేదు. ఊరికే ఇస్తే నువ్వు తీసుకోవట. రేపు గొడవ పడతాను, గట్టిగా కోప్పడండి అన్నారు. ఆ ముసలాయన్ని కలుపుకుంటారని మాత్రం చెప్పలేదు!"

నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నోరు తెరిచి ఉండటంతో ఏడవడానికీ వీల్లేదు.

బయట మామయ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. "ఎన్ని చేసింది?"

"ముప్పై రెండూ."

"అయ్యో, లెక్క తప్పింది పాపం! గట్టిగా అనకు, పద పద."

"మరి నీ ఇరవై నాలుగో?"

"లాభమొచ్చాక వెనక్కెళ్లి గుర్తు చేస్తావుటే!" అని కసిరాడు. నేను పకపకా నవ్వాను. చెయ్యి అడ్డం పెట్టుకోవడం కూడా మర్చిపోయాను.

మర్నాడు ఉద్యోగం వచ్చిందని చెప్పగానే మామయ్య ముందు జీతమెంతని అడిగాడు. దాన్ని ముప్పై రెండుతో భాగించి, "పంటికి బాగానే గిట్టిందే!" అని మురిసిపోయాడు.