కాకాకు తోవ పాడేవాళ్లు లేరు

కాకా పోయాడు. బహ్రెయిన్‌లోని అస్కర్‌లో మిట్టమధ్యాహ్నం ఎండలో పరంజా దిగుతూ కూలబడ్డాడు, మళ్లీ లేవలేదు. గుండె ఆగిందన్నారు కంపెనీవాళ్లు. ఎండ మాట ఒక్కడూ ఎత్తలేదు.

మీకు ఆయన తెలియదు. ఆదిలాబాద్ అడవి మనిషి, పర్ధాను. గోండుల ఇళ్లకు వెళ్లి కిక్రి వాయిస్తూ వాళ్ల వంశకథలు పాడే తెగ. కిక్రి అంటే కమానుతో వాయించే చిన్న తీగల వాద్యం. దాన్ని బట్టల్లో చుట్టి బహ్రెయిన్ తెచ్చుకున్నాడు గానీ, మా లేబర్ క్యాంపుకు వచ్చిన కొత్తలో ఎంత అడిగినా వాయించలేదు.

"ఏం కాకా, గల్ఫు గాలికి తీగలు నోరు మూసుకున్నయా?" అన్నాను.

"ఏ నేల మీద పాడితె ఆ నేల నీళ్లకు ముందుగాల దండం పెట్టాలె తమ్మీ. ఈడ నీళ్ల పేరు నాకు ఎర్కలేదు."

"ట్యాంకరు నీళ్లే కదనే. ట్యాంకరుకు పెట్టు."

"ట్యాంకరు యాడికెళ్లి తెస్తదో అడిగొస్త" అని నవ్వాడు.

నిజంగానే అడిగొచ్చాడు. బుదైయా అనే ఊరి తోటల్లో ఒక ముసలి బహ్రెయినీ రైతు వచ్చీరాని హిందీలో చెప్పి, ఎండిపోతున్న ఊటలు చూపించాడట. సముద్రం అడుగున కూడా తియ్యటి ఊటలుండేవట. ముత్యాలకు మునిగేవాళ్లు ఆ నీళ్లు తోలుసంచుల్లో పట్టుకొచ్చేవాళ్లట. ఆ రోజే కిక్రి బయటికి తీశాడు.

అప్పట్నుంచి శుక్రవారం సెలవు పూట మాకు బడి. సెంట్రింగుకు పనికిరాని ప్లైవుడ్ ముక్కల మీద సున్నంతో, ఇటుకపొడితో ఊటలు గీసేవాడు. మా చేత చేపలు గీయించి వాటి మీద పాట కట్టేవాడు. చేపను ఒంటరిగా గీస్తే ఒప్పుకునేవాడు కాదు. "అదేం తింటది, యాడ దాక్కుంటది? అది గీయకుంటె నీ చేప సచ్చినట్టే." ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ని. నాకు ఇంత చదువు ఇంకెవరూ చెప్పలేదు.

ఒకసారి ఇక్కడి తెలుగు సంఘం పెద్దమనుషులొచ్చి, ఫంక్షన్‌లో ఈకలు కట్టుకుని ఆడమన్నారు. "ఈకలు పిట్టకు గావాలె సార్" అని పంపేశాడు.

చనిపోయిన మనిషికి తాతముత్తాతల పేర్లు వరసగా పాడాలని చెప్పేవాడు. పాడకపోతే పెద్దల దగ్గరికి తోవ దొరకదట. ఆ పాట వచ్చినవాడు ఈ దేశంలో ఒక్కడే ఉండేవాడు. ఆ కాకానే పోయాడు. శవాన్నైనా ఊరికి పంపండంటే, ఇంటివాళ్లు ఒప్పుకున్నారు, ఇక్కడే కానిచ్చేస్తాం, ఖలాస్ అన్నాడు క్యాంపు బాసు. రావాల్సిన జీతం ఆశచూపి ఎట్లా ఒప్పించారో నాకు తెలుసు. కనీసం ఒక పర్ధాను వచ్చేదాకా ఆపమని మొత్తుకున్నాను.

"పర్ధాను అంటే ఏ డిపార్ట్‌మెంటు?" అన్నాడు.

మార్చురీ గేటు దగ్గర మా క్యాంపువాళ్లమంతా నిలబడ్డాం. మాకు తెలిసింది పాస్‌పోర్టులో ఉన్న తండ్రి పేరు ఒక్కటే. రాని రాగంలో అదే పాడాను. అందరూ అందుకున్నారు. తాత పేరు ఎవరికీ తెలియదు. మళ్లీ తండ్రి పేరే పాడాం. యల్లా, ఇక పోదాం అన్నాడు డ్రైవరు. శవం ఎక్కించిన బండి తలుపు పడింది. ఆ పైన ఏ పేరు అనాలో తెలియక, నోళ్లు తెరుచుకుని ఎండలో అట్లాగే నిలబడిపోయాం.