గొంతు పోయాక ఆమె అడిగిన టేపు

పోయిన మంగళవారం పొద్దున ల్యాబ్‌కి బయలుదేరుతుంటే ఫోన్ మోగింది. అవతల టీచర్‌గారి భర్త. ఆయన కూడా ఆమెను టీచర్ అనే పిలిచేవారు. "టీచర్‌ని ప్రభువు పిలిచేసుకున్నాడమ్మా. పాస్టర్‌గారికి నువ్వే చెప్పు, నావల్ల కావట్లేదు," అన్నారు. వేసుకున్న కోటుతోనే వంటింట్లో కూర్చుండిపోయాను. కన్నీళ్లు రాలేదు. తప్పు చేసిన మనిషికి పుట్టే భయం పుట్టింది. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

డెబ్భైల చివర మేము అమెరికాలోని ఈ ట్రాయ్ ఊరికి వచ్చేసరికి మా తెలుగు సంఘంలో పట్టుమని పదిహేను కుటుంబాలు లేవు. ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో ఆదివారం మధ్యాహ్నాలు ఆరాధన జరిగేది. అది అయ్యాక పెద్దవాళ్లు కాఫీ తాగుతూ ఉద్యోగాల కబుర్లలో పడేవారు. మెట్ల మీద పరుగులు పెట్టే పిల్లల్ని పోగుచేసి కూర్చోబెట్టింది టీచర్‌గారే. గుంటూరు జిల్లాలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో పదకొండేళ్లు ఫిజిక్స్ చెప్పి వచ్చిన మనిషి. ఆ చదువు ఇక్కడ పనికిరాలేదు. ఒక స్కూలు కెఫెటేరియాలో లంచ్ వడ్డించే పని దొరికింది. మేమేదో ఓదార్చబోతే, "పిల్లల దగ్గరే ఉన్నాను కదమ్మా," అనేవారు.

బేస్‌మెంట్‌లో పాత ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ ఒకటి ఉండేది. ప్లాస్టిక్ కాగితం మీద రంగు పెన్నులతో బస్సు గీసి, అట్టముక్కతో కత్తిరించిన మనిషి బొమ్మను దాని మీద పెట్టేవారు. గోడ మీద బస్సు కదిలేది, ఆగేది, మనిషి ముందుకు తూలేవాడు. కొంగు నడుముకు దోపుకుని ఆమె జడత్వం పాఠాన్ని పాటగా ఎత్తుకునేవారు:

"బస్సు ఆగింది, నేను ఆగలేదు,
ఎవరూ తొయ్యలేదు, ముందుకే పోయాను."

మా అమ్మాయికి అప్పుడు ఏడేళ్లు. ఒకసారి "బస్సు తోసింది" అని పాడింది. టీచర్‌గారు పాట ఆపేశారు.

"ఎవరు తోశారు?"

"బస్, ఆంటీ."

"బస్సు నిన్ను తొయ్యలేదమ్మా. నువ్వు పోతూనే ఉన్నావు. బస్సే ఆగిపోయింది. మళ్లీ పాడు."

రాగం కుదరకపోయినా ఊరుకునేవారు గానీ పాఠం తప్పితే ఊరుకునేవారు కాదు. "పాట తియ్యగా ఉండి పాఠం తప్పయితే, ఆ తప్పు జన్మంతా నోట్లో ఉండిపోతుంది," అనేవారు. పాటల్ని కాగితం మీద పెట్టనిచ్చేవారు కాదు. "రాసుకుంటే పుస్తకానికి వస్తాయి, మీకు రావు" అని. ఇక్కడ సుద్దముక్కతో పనే లేకపోయినా, పాఠం అయ్యాక రెండు చేతులూ దులుపుకునేవారు.

కొన్నేళ్లకు ఊళ్లోకి కేబుల్ టీవీ వచ్చింది. ఊరివాళ్లు ఎవరైనా ప్రోగ్రామ్ చేసుకోవడానికి ఒక ఛానల్ ఉండేది. టీచర్‌గారు పట్టువదలకుండా తిరిగి, ఎనిమిది మంది పిల్లలతో నాలుగు ప్రోగ్రాములు చేశారు. పాటలు తెలుగులో, బొమ్మలు చూపిస్తూ వివరాలు ఇంగ్లీషులో. శనివారం పొద్దున ఏడింటికి వచ్చేవి. కెఫెటేరియాలో ఒక అమెరికన్ పిల్ల ట్రే పట్టుకుని నిలబడి, "యూ ఆర్ ద బస్ లేడీ," అందట. ఆ మాట సంఘంలో ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి చెప్పారు.

అప్పుడే మేము వీసీఆర్ కొన్నాం. "అన్నీ రికార్డ్ చేసి పెడతాను టీచర్‌గారూ," అన్నాను. నాలుగూ ఒకే టేపులోకి ఎక్కించాను. లేబుల్ అంటించాను గానీ దాని మీద ఏమీ రాయలేదు. పెన్ను చేతికి అందలేదు. రేపు రాద్దాంలే అనుకున్నాను.

పిల్లలు పెద్దవాళ్లయ్యారు. ఒకరికి పియానో, ఒకరికి బాస్కెట్‌బాల్. ఒక ఆదివారం ఇద్దరే వచ్చారు. ఆ ఇద్దరికీ పూర్తి పాఠం చెప్పారు. మరుసటి వారం ఎవరూ రాలేదు. ఆమె వచ్చి పెద్దవాళ్లలో కాఫీకి కూర్చున్నారు. మాలో ఒక్కరమూ పిల్లల్ని కేకేయలేదు.

రెండేళ్ల క్రితం టీచర్‌గారికి గొంతులో క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేశారు. అప్పట్నుంచీ సంచిలో చిన్న ప్యాడ్, పెన్సిలు. ఒక ఆదివారం నా పక్కన కూర్చుని రాసి చూపించారు: "ఆ టీవీ పాటల టేపు నీ దగ్గరుందిగా. ఒక్కసారి నా గొంతు వినాలని ఉంది."

ఇంటికెళ్లి ఉన్న టేపులన్నీ వేసి చూశాను. పేరు లేని టేపులో ఫుట్‌బాల్ మ్యాచ్ ఉంది. మావారు ఖాళీదనుకుని రికార్డ్ చేశారు. ఆయన్ని అనడానికేముంది? మ్యాచ్ అయిపోయిన చోట పాటల ప్రోగ్రాము కొన్ని క్షణాలు మిగిలింది. పిల్లలు చేతులు ఊపుతున్నారు. ఆమె లేరు. ఆ ఛానల్ స్టూడియోకి ఫోన్ చేస్తే, పాత టేపులు తుడిచి మళ్లీ వాడేస్తామన్నారు.

మూడు వారాలు "వెతుకుతున్నాను టీచర్‌గారూ" అని అబద్ధమాడాను. నాలుగో వారం ఉన్నది చెప్పేశాను. తిడుతూ ఏదైనా రాస్తారనుకున్నాను. పర్వాలేదని రాసినా బాగుండేది. ఆమె ప్యాడ్ మూసి సంచిలో పెట్టుకున్నారు. ఆ పూట ఇంక ఎవరికీ ఏమీ రాయలేదు.

ఆ సాయంత్రం మా అమ్మాయిని అడిగాను, పాటలు గుర్తున్నాయా అని.

"ట్యూన్ వస్తుంది మామ్, వర్డ్స్ రావట్లేదు. అప్పుడు నేను చాలా చిన్న కదా."

ఇంకో ముగ్గురు పిల్లలకు ఫోన్ చేశాను. వాళ్లదీ అదే మాట. వాటిని రాసిమ్మని టీచర్‌గారిని అడిగే ముఖం నాకు లేదు. రాసినా ఆ గొంతు ఎక్కడినుంచి వస్తుంది? నన్ను క్షమించారో లేదో నాకు తెలియదు. ఇక తెలియదు.

శుక్రవారం భూస్థాపన అయ్యాక అందరం బేస్‌మెంట్‌కి వచ్చాం. ఆనాటి పిల్లల్లో ఆరుగురు వచ్చారు, కొందరు కాలేజీల నుంచి. "టీచర్ పాట ఏదైనా ఒకటి పాడండమ్మా," అన్నారు టీచర్‌గారి భర్త. వాళ్లు లేచి, నీడ ఎలా పడుతుందో టీచర్‌గారు నేర్పిన నీడల పాట ఎత్తుకున్నారు. రెండు పంక్తులు వచ్చాయి. మూడోది ఎవరికీ రాలేదు. కాసేపు మాటల్లేకుండా కూనిరాగం తీసి, ఒకరి మొహం ఒకరు చూసుకుని కూర్చున్నారు. ఆయన తల ఎత్తలేదు. ఎవరో ప్లేట్లు సర్దడం మొదలుపెట్టారు. ఆయన వేలు మాత్రం మోకాలి మీద తాళం వేస్తూనే ఉంది.